"ఐ వోంట్ కీప్ యూ" అంటే పొమ్మని కాదు, చెల్లెమ్మా

చెల్లెమ్మా,

మీ మేనేజరు ఫోనులో "ఓకే, ఐ వోంట్ కీప్ యూ" అని పెట్టేసిందనీ, ఉద్యోగంలో ఉంచుకోనని అందేమోనని రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదనీ రాశావు. ముందు హాయిగా పడుకో. ఆ మాటకు "నిన్ను ఇంకా ఆపను, నీ పని చూసుకో" అని అర్థం. మనం ఫోను పెట్టేసేటప్పుడు "సరే, ఉంటాను మరి" అంటామే, అలాంటిదే ఇదీ. ఉంటాను అంటూనే వెళ్ళిపోతున్నారేమిటని మన భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళూ తికమకపడతారు కదా!

నీ ఒక్క ప్రశ్నకు జవాబు అయిపోయింది. కానీ ఇంతటితో ఆపబుద్ధి కావడం లేదు. ఈ ఒక్క మాటను తప్పుగా అర్థం చేసుకుని నేను ఏడాది పైగా ఒంటరిగా బతికాను. నువ్వు అలా కాకూడదు.

నేను ఈ దేశం వచ్చి 22 ఏళ్ళయింది. మొదట్లో మా పక్క వాటాలో ఒక పెద్దావిడ ఉండేవారు. మెట్ల మీద ఎదురైతే నవ్వుతూ పలకరించేవారు. వాతావరణం గురించి నాలుగు మాటలు, నా ఉద్యోగం గురించి రెండు మాటలు, ఆ తర్వాత ప్రతిసారీ "వెల్, ఐ వోంట్ కీప్ యూ" అని తలుపు వేసుకునేవారు. నాతో మాట్లాడడం ఆవిడకు ఇష్టం లేదని నేను తేల్చేసుకున్నాను. చదువుకున్నదాన్ని, ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని, కాబట్టి ఇంకొకరిని అడగాలని కూడా అనిపించలేదు. చివరికి ఎలా తయారయ్యానంటే, పొద్దున ఆఫీసుకు బయలుదేరే ముందు ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో పట్టుకుని తలుపుకు చెవి ఆనించి నిలబడేదాన్ని. ఆవిడ అడుగుల చప్పుడు కింద వీధి తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాకే గడియ తీసేదాన్ని.

కొన్నాళ్ళకు కింది వాటావాళ్ళు నా గురించి ఎవరితోనో "షీ కీప్స్ టు హర్‌సెల్ఫ్" అనడం చెవిన పడింది. ఏదో తన దగ్గరే దాచుకుంటుందని, అంటే పిసినారినని అంటున్నారనుకుని కుమిలిపోయాను. దాని అర్థం అది కాదు. "ఆ అమ్మాయి ఎవరితోనూ కలవదు, తన మానాన తాను ఉంటుంది" అని. ఆవిడ నన్ను వద్దనుకుంటున్నారని నేను, నేనే అందరినీ వద్దనుకుంటున్నానని వాళ్ళు! చూశావా, ఎక్కడిదాకా వచ్చిందో. (దీనికి దగ్గరగా ఉండే "కీప్ ఇట్ టు యువర్‌సెల్ఫ్" వేరు. "ఈ సంగతి నీలోనే ఉంచుకో, ఎవరికీ చెప్పకు" అని దాని అర్థం.)

ఇంకో పొరపాటు మన వైపునుంచే వస్తుంది. "బల్ల మీద పెట్టు" అనడానికి మనం చిన్నప్పటినుంచీ "కీప్ ఇట్ ఆన్ ద టేబుల్" అంటాం. "పెట్టు", "ఉంచు" రెండింటికీ మనకు కీప్ ఒక్కటే. ఇక్కడివాళ్ళు అలాంటిచోట "పుట్" అంటారు. కీప్ అంటే ఎప్పుడూ అక్కడే ఉండనివ్వమని, లేదా సొంతం చేసుకోమని అర్థం వస్తుంది. మా నాన్నగారు నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఇచ్చిన పెన్ను ఒకటి ఉండేది, నీలం రంగుది, మూత అంచున చిన్న సొట్ట. ఒకరోజు చేతినిండా కాగితాలతో మీటింగుకు పరిగెడుతూ పక్క సీటాయనకు ఆ పెన్ను అందించి "ప్లీజ్, కీప్ దిస్" అన్నాను. కాసేపు పట్టుకోండి అని నా ఉద్దేశం. ఆయన ముఖం వెలిగిపోయింది, థ్యాంక్స్ చెప్పి జేబులో పెట్టుకున్నారు. నేను మీటింగు నుంచి వచ్చాక ఇవ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు. మూడు వారాలపాటు నాన్నగారి పెన్ను ఆయన చొక్కా జేబులో కనిపిస్తూనే ఉంది, నాకు లోపల కాలిపోతూనే ఉంది. చివరికి ధైర్యం చేసి అడిగితే ఆయన ముఖం ఎర్రబడిపోయింది. అప్పటికప్పుడు తీసి నా చేతిలో పెట్టి "మీరే కదా ఉంచుకోమన్నారు" అన్నారు. తప్పు ఆయనది కాదు. కాసేపు పట్టుకోమనాలంటే "కుడ్ యూ హోల్డ్ దిస్ ఫర్ మీ?" అను. కొన్నాళ్ళు జాగ్రత్తగా చూడమనాలంటే "లుక్ ఆఫ్టర్" అను. సామాను మీద కాస్త కన్నేసి ఉంచమనాలంటే "కీప్ యాన్ ఐ ఆన్" సరిగ్గా సరిపోతుంది.

ఆ పెన్ను గొడవ తర్వాతే ఆయన నాకు స్నేహితుడయ్యారు. నా ఇంగ్లీషులో ఎక్కడ తేడా వచ్చినా నొప్పించకుండా చెప్పేవారు. మొహమాటం లేకుండా తప్పు చెప్పే మనిషిని ఒక్కరినైనా సంపాదించుకో. వందమందితో హలో అనిపించుకోవడం కన్నా అదే ఎక్కువ.

కీప్, కెప్ట్, కెప్ట్ లాంటి వ్యాకరణం ఏ నిఘంటువులోనైనా దొరుకుతుంది, అది నువ్వే చూసుకో. నేను పట్టుకున్న కిటుకు మాత్రం చెబుతాను. ఈ మాట పాత ఆంగ్లంలో వెయ్యేళ్ళ కిందటే ఉంది. అప్పట్లో గమనించడం, కనిపెట్టుకుని ఉండడం అనే అర్థాలు కూడా దీనికి ఉండేవి. మన "కాచు" లాంటిదన్నమాట. దారి కాచేవాడు, గొర్రెలు కాచేవాడు, కాపలా, కాపాడడం, అన్నీ ఆ ఒక్క కుదురువే కదా. కీప్‌ని "ఉంచు" అని కాకుండా "కాచు" అని తలుచుకుంటే సగం చిక్కులు విడిపోతాయి. గోల్‌కీపర్ గోలును కాస్తాడు, వికెట్‌కీపర్ వికెట్లను కాస్తాడు. "కీప్ ఎ ప్రామిస్" అంటే ఇచ్చిన మాటను కాచుకోవడం, మనం నిలబెట్టుకోవడం అంటాం. "కీప్ ఎ సీక్రెట్" అంటే రహస్యాన్ని బయటికి పోకుండా కాయడం. "కీప్ ఎ డైరీ" దగ్గర మాత్రం మనకు "రాయడం" కావాలి, "కీప్ బీస్" దగ్గర "పెంచడం" కావాలి, "కీప్ ద రూల్స్" దగ్గర "పాటించడం" కావాలి. వాళ్ళకు ఒక్క మాటతో జరిగిపోయే పనికి మనకు అరడజను క్రియలు ఉన్నాయి. మన భాషకు అది లోటు కాదు, నన్నడిగితే సంపదే.

వెనక ఇంకో క్రియ వస్తే "తూ ఉండు" అని తీసుకో. "కీప్ వాకింగ్", నడుస్తూ ఉండు. కానీ "యూ కీప్ ఆస్కింగ్" అన్నారంటే అందులో కాస్త విసుగు ఉంటుంది, అడిగిందే అడుగుతున్నావని. అక్కడ గొంతు వినాలి. మేనేజరు "కీప్ మీ పోస్టెడ్" అంటే ఏం జరుగుతోందో ఎప్పటికప్పుడు చెబుతూ ఉండమని. నేను సరేనని తల ఊపి, పని పూర్తయ్యేదాకా ఒక్క మాటా చెప్పక, చీవాట్లు తిన్నాను.

మన దగ్గర ఒక ఆడమనిషిని కించపరచడానికి "కీప్" అనే మాట వాడతారు. అది ఎక్కడా వాడదగ్గది కాదు, ఇక్కడ ఆ అర్థంలో అంటే తెలియదు కూడా. ఇక్కడ నామవాచకంగా వస్తే తిండికీ బసకూ అయ్యే ఖర్చు, అంటే పోషణ అని అర్థం. "ఎర్న్ యువర్ కీప్" అంటే నీ పోషణకు తగ్గ పని చేయడం. పాత కోటల్లో నడుమనుండే గట్టి బురుజును కూడా కీప్ అనే అంటారు, లండన్ టవర్‌లోని వైట్ టవర్ అలాంటిదే.

ఇవన్నీ రేపో మాపో నీకే వచ్చేస్తాయి. నేను బెంగపడేది "కీప్ ఇన్ టచ్" గురించి. వీడ్కోలు చెప్పేటప్పుడు ఇక్కడ చాలామంది అనే మాట ఇది. మొక్కుబడికి అంటారని నీకు పాతవాళ్ళు చెబుతారు, నాకూ చెప్పారు. నమ్మకు. మొక్కుబడికి అన్నవాళ్ళు ఉంటారు, కానీ ఎవరు ఎలా అన్నారో ఫోను చేస్తే తప్ప తెలియదు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళం, చొరవ మనమే చూపాలి.

మా పక్కింటి పెద్దావిడ ఆ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిన రోజు నా తలుపు కింద ఒక మడిచిన కాగితం కనిపించింది. వణుకుతున్న అక్షరాలతో ఒక ఫోను నంబరు, దాని కింద "కీప్ ఇన్ టచ్". నేను దాన్ని పర్సులో పెట్టుకున్నాను. మడతల దగ్గర చిరిగిపోయేదాకా పెట్టుకున్నాను గానీ రెండేళ్ళపాటు ఫోను చేయలేదు. ఒక ఆదివారం సాయంత్రం, ఇంట్లో గోడలు తప్ప మాట్లాడేవాళ్ళు లేక, ఆ నంబరు నొక్కాను. నా పేరు చెప్పగానే అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆవిడ గొంతు, "వాట్ కెప్ట్ యూ?"

ఇన్నాళ్ళూ ఎందుకు ఆలస్యం చేశావని అడిగారు, చెల్లెమ్మా. అప్పుడు గంటకు పైగా మాట్లాడుకున్నాం. చివర్లో ఆవిడ "ఐ వోంట్ కీప్ యూ" అనబోతుంటే, "లేదు, ఇంకాసేపు మాట్లాడండి" అన్నాను.