టెక్ సందేహాలు: కీబోర్డు నడుమ ఆ ఎర్ర గుండీ ఎందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. టేబుల్ మీద కాంటా చీటీలు, బియ్యం శాంపిల్ ప్లేట్లు పోను మౌస్ తిప్పడానికి జానెడు జాగా మిగలదు. ఒక పాత లాప్‌టాప్‌లో కీల నడుమ ఎర్ర గుండీ చూశాను, దానితోనే బాణం గుర్తు కదులుతోంది. అలాంటిది విడి కీబోర్డుగా దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది. మీరు చూసింది ట్రాక్‌పాయింట్. దాన్ని తయారుచేసిన టెడ్ సెల్కర్‌కు ఆలోచన తట్టింది 1984లో. కీబోర్డు మీది చెయ్యి మౌస్ దగ్గరికి పోవడానికి ముప్పావు సెకను, తిరిగి రావడానికి దాదాపు అంతే పడుతుందని అప్పుడు ఆయన ఒక అధ్యయనంలో చదివారు. రోజుకు వందలసార్లు జరిగే పని అది. చెయ్యి కదలకుండానే పని అయిపోవాలని ఐబీఎంలో ఏళ్ల తరబడి ప్రయత్నించారు. చివరికి 1992లో ఐబీఎం లాప్‌టాప్ థింక్‌ప్యాడ్ 700సీ మీద జి, హెచ్, బి కీల మధ్య ఆ ఎర్ర చుక్క వచ్చింది.

దాని మీద చూపుడువేలు పెట్టి చూడండి. గరుకుగా తగులుతుంది. నెడితే కదిలినట్టే ఉండదు. కదలాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే అడుగున ఉన్న సెన్సర్లు కొలిచేది వేలి బలాన్ని. మెల్లగా ఒత్తితే బాణం మెల్లగా పోతుంది, గట్టిగా నెడితే స్క్రీన్ చివరికి ఉరుకుతుంది. నాకు ఇప్పటికీ అబ్బురమే!

అప్పటికి పోటీ లేకపోలేదు. 1991 పవర్‌బుక్ లాప్‌టాప్‌లలో ఆపిల్ కీబోర్డును వెనక్కి జరిపి, ముందు ట్రాక్‌బాల్, అంటే వేలితో తిప్పే బంతి పెట్టింది. 1994లో ఆ చోటే టచ్‌ప్యాడ్ వచ్చింది. నేర్చుకోవాల్సిన పని లేదు కాబట్టి లోకమంతా అటే పోయింది. ఎర్ర గుండీకి మాత్రం నాలుగైదు రోజుల ఓపిక కావాలి. మొదటి రోజే విసుగొచ్చి పక్కన పెట్టేయకండి.

ఐబీఎం పీసీ వ్యాపారాన్ని 2005లో కొన్న లెనోవో 2013లో ఈ గుండీతో చిన్న యూఎస్‌బీ కీబోర్డు తెచ్చింది. 2020లో వైర్‌లెస్‌ది వచ్చింది. అయితే మీకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ రెండింటికీ కుడివైపు నంబర్ ప్యాడ్ లేదు. క్వింటాళ్లు, బస్తాలు, రేట్లు పొద్దంతా కొట్టే మనిషికి పై వరుస అంకెలతో పని సాగదు, తప్పులు కూడా పడతాయి. కాబట్టి అరచేతంత యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా కొనుక్కోండి. పని లేనప్పుడు సొరుగులో పడేయొచ్చు. అదీ వద్దనుకుంటే మామూలు కీబోర్డు పక్కన ట్రాక్‌బాల్ మౌస్ పెట్టుకోండి. దాన్ని జరపక్కర్లేదు, బంతిని వేలితో తిప్పితే చాలు.

ప్రశ్న: జడ్చర్లలో జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాను. నా పాత లాప్‌టాప్‌లో ఆ ఎర్ర గుండీ ముట్టుకోకున్నా బాణం దానంతట అదే ఒక పక్కకు పోతోంది. పాడైందా?

జవాబు: టెన్షన్ పడకండి. వేలు తీసేసి కొన్ని సెకన్లు వదిలేయండి, ఆగిపోతుంది. ఒకే వైపు చాలాసేపు ఒత్తి ఉంచితే ఆ ఒత్తిడినే అది సున్నాగా లెక్కేసుకుంటుంది. వదిలాక మళ్లీ సరిచూసుకునే దాకా అలా జారుతుంది. బాణం పోతోంది కదా అని ఎదురు నెడితే ఇంకా ఆలస్యమవుతుంది. అయినా తరచూ వస్తుంటే పై టోపీని గోటితో లాగండి, ఊడి వస్తుంది. అడుగున దుమ్ము తుడిచి, అరిగి నున్నబడితే కొత్తది వేయండి. టోపీల ఎత్తు మోడల్‌ను బట్టి మారుతుంది. కొనేముందు మీ లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ పేరు రాసుకుని వెళ్లండి.