"పైప్‌లైన్‌లో లేదమ్మా"

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను యానిమేషన్ స్టూడియోలో ప్రాప్స్ (సీన్లో కనిపించే వస్తువులు), సెట్లు కంప్యూటర్లో త్రీడీ మోడలింగ్ చేస్తాను. నాలుగేళ్లు బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేశాను. మూణ్నెల్ల కిందట చేరిన ఈ స్టూడియోలో అంతా మాయా అనే ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్. నాకు మాయా రాదని కాదు, చెయ్యి నడవడం లేదు. ఇక్కడ మూడు రోజులు పట్టే సెట్‌ని బ్లెండర్‌లో రోజున్నరలో లేపేస్తాను. సూపర్‌వైజర్‌ని అడిగితే "పైప్‌లైన్‌లో లేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు (పైప్‌లైన్ అంటే ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పని వెళ్లే దారి). బ్లెండర్‌లో తీసిన సినిమాకి ఆస్కార్ వచ్చింది కదా సార్ అంటే నవ్వి ఊరుకున్నారు. ఉక్రోషం ఆగక పెన్‌డ్రైవ్‌లో బ్లెండర్ తెచ్చుకుని, రెండు ప్రాప్స్ అందులోనే చేసి మాయాలోకి తెచ్చి ఇచ్చేశాను. ఎవరూ కనిపెట్టలేదు. దీన్ని పద్ధతిగా ఒప్పించడం ఎలా? ఆ రెండు ప్రాప్స్ సంగతి చెప్పెయ్యనా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ పెన్‌డ్రైవ్ ఇంటికి తీసుకెళ్లిపోండి. రేపు కాదు, ఇవాళే. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే బ్లెండర్ నడుస్తుందన్నది నిజమే కానీ, స్టూడియో బయటివాళ్ల సినిమా మీద పనిచేస్తున్నప్పుడు ఏ మెషీన్‌లో ఏముందో క్లయింటుకి లెక్క చెప్పాలి. ఆడిట్‌లో ఇది బయటపడితే మీటింగులో మీ రోజున్నర గురించి ఎవరూ మాట్లాడరు, పెన్‌డ్రైవ్ గురించే మాట్లాడతారు. (యూఎస్‌బీ పోర్టులు తెరిచి ఉంచిన మీ ఐటీ వాళ్లకి కూడా ఆ రోజు మూడినట్టే.)

ఇక ఆస్కార్ సంగతి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా గెలిచిన 'ఫ్లో' బ్లెండర్‌లోనే తయారైంది, నిజమే. కానీ అది చిన్న బృందం, బ్లెండర్‌నే నమ్ముకుని చేసిన సినిమా. మీ స్టూడియోలో ఏళ్ల తరబడి కట్టుకున్న రిగ్గులు (బొమ్మల్ని కదిలించే ఎముకలు, కంట్రోళ్లు), స్క్రిప్టులు, పబ్లిష్ టూల్ (పూర్తయిన ఫైలుని తనిఖీ చేసి మిగతా విభాగాలకి పంపేది) అన్నీ మాయా చుట్టూ అల్లుకుని ఉన్నాయి. మీ సూపర్‌వైజర్ నవ్వింది అందుకు. బ్లెండర్ చేతకానిదని ఆయన అనలేదు చూడండి, పైప్‌లైన్‌లో లేదన్నారు. ఆయన కళ్ల ముందు ఉన్నది మీరు సెలవులో ఉన్న రాత్రి. ఆ రాత్రి మీ ఫైలు ఎవరు తెరుస్తారు?

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందో చెబుతాను. మోడలర్‌గా ఉన్న రోజుల్లో నేనూ ఇలాగే పోరి, నాకు నచ్చిన సాఫ్ట్‌వేర్‌కి అనుమతి తెచ్చుకున్నాను. మొదటి ప్రాప్ ఒక పెద్ద ఇనప్పట్టీల పెట్టె. అలెంబిక్‌గా (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోడళ్లు పంపే ఫైలు రకం) ఎగుమతి చేసి, సెలవు పెట్టి, సాయంత్రం రైలెక్కాను. రాత్రి ఫోను: "పెట్టె రాలేదు." పంపానని నేనూ, రాలేదని వాళ్లూ. లిస్టులో పేరుంది, తెర మీద వస్తువు లేదు. చివరికి ఎవరో పేరు మీద నొక్కి, ఎంచుకున్న వస్తువుని చూపించే ఎఫ్ కీ కొడితే కెమెరా దిగుకుంటూ దిగుకుంటూ పోయి హీరో చెప్పు పక్కన ఆగిందట. అక్కడ చింతగింజంత పెట్టె, ఇనప్పట్టీలతో సహా! నా సాఫ్ట్‌వేర్‌లో ఒక యూనిట్ అంటే మీటరు, వాళ్లదాంట్లో సెంటీమీటరు. అలెంబిక్ ఫైలు అంకెలు మోస్తుంది కానీ అవి ఏ కొలతలో ఉన్నాయో చెప్పదు. వాళ్లు పాపం ఆరు షాట్లలో చేత్తో వందరెట్లు పెంచి పని కానిచ్చుకున్నారు. నేను తిరిగొచ్చి, తప్పు దిద్దుకుంటున్నానన్న ఉత్సాహంలో అసలు ఫైల్లోనే సైజు సరిచేసి మళ్లీ పబ్లిష్ చేశాను. వాళ్లు పెంచిన వందరెట్లూ దాని మీద పడి, ఆ ఆరు షాట్లలో పెట్టె గోడౌనంత అయి కూర్చుంది. ఆ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి నా మానిటర్‌కి అంటించారు. ఆ షో అయిపోయేదాకా పీకనివ్వలేదు.

బ్లెండర్‌కీ మాయాకీ మధ్య ఉన్నది సరిగ్గా ఇదే తేడా, కాబట్టి మీ రెండు ప్రాప్స్ ఇబ్బంది లేకుండా వెళ్లాయంటే మీరు చేత్తో సరిచేసి ఉంటారు. ఆ చేత్తో చేసే పని మీద నమ్మకం లేకే పబ్లిష్ టూల్ అనేది పుట్టింది. పేర్లు స్టూడియో పద్ధతిలో ఉన్నాయా, హిస్టరీ (చేసిన మార్పుల చిట్టా) తీసేశారా, ట్రాన్స్‌ఫార్మ్‌లు (స్థానం, తిప్పు, సైజు) ఫ్రీజ్ చేశారా, యూవీలు (రంగు వేయడానికి మోడల్‌ని బల్లపరుపుగా విప్పిన పటాలు) ఒకదాని మీద ఒకటి పడ్డాయా అని అది చూస్తుంది.

కాబట్టి "బ్లెండర్ కావాలి" అని అడక్కండి. "కదలని ప్రాప్స్, సెట్ల మోడలింగ్ ఒక్కటి బ్లెండర్‌లో చేస్తాను, మాయాలోకి తెచ్చి ఎప్పటిలాగే పబ్లిష్ చేస్తాను" అని అడగండి. మీ అదృష్టం కొద్దీ మీ విభాగం దీనికి అనువైనది. కదలని మోడల్ ఒకసారి బయటికొచ్చాక ఏ సాఫ్ట్‌వేర్‌లో పుట్టిందో దాని ఒంటి మీద రాసి ఉండదు. అదే మీరు యానిమేటర్ అయ్యుంటే ఆశ వదులుకోమనేదాన్ని. రిగ్గు అలా దాటదు. ఎఫ్‌బీఎక్స్ అనే ఇంకో ఫైలు రకంలో ఎముకలు, వాటి కదలిక వస్తాయి గానీ, యానిమేటర్ పట్టుకుని లాగే కంట్రోళ్ల వ్యవస్థ రాదు.

పాత షోలో అయిపోయిన ప్రాప్ ఒకటి అడిగి తీసుకోండి. నెట్‌వర్క్‌కి కలపని మెషీన్‌లో, అనుమతితో, మళ్లీ చెయ్యండి. టైము రాసుకోండి. మోడలింగ్‌దే కాదు, ఎగుమతి, సర్దుబాటు, పబ్లిష్ దాకా మొత్తం. మీ రోజున్నర రెండు రోజులకి పెరుగుతుందని నా అనుమానం. పెరగనివ్వండి, ఉన్నదున్నట్టే రాయండి. ఆ అంకెనే ఆయన నమ్ముతారు.

దాంతోపాటు ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. వెర్షన్ ఒక్కటే, అదీ ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతు ఉండేది). 2020లో 2.83తో మొదలైన ఈ వరసలో ఒక్కో వెర్షన్‌కి రెండేళ్లపాటు దోషాల దిద్దుబాట్లు వస్తాయి, షో మధ్యలో మార్చే పని ఉండదు. ఫైల్లోని పైథాన్ స్క్రిప్టులు వాటంతటవి నడవడం, 4.2 నుంచి ఇంటర్నెట్ వాడకం, రెండూ మనం ఒప్పుకుంటే తప్ప జరగవని ఐటీ వాళ్లకి రాయండి. యాడాన్లు (బ్లెండర్‌కి తగిలించే అదనపు టూల్స్) మాత్రం జాగ్రత్త. ఒక్కో యాడాన్ వాళ్ల దృష్టిలో ఒక్కో కొత్త సాఫ్ట్‌వేర్. సున్నాతో మొదలుపెట్టండి. లైసెన్సు జీపీఎల్ (ప్రోగ్రాముని పంచితే కోడ్ కూడా పంచాలనే లైసెన్సు) అనగానే లీగల్ వాళ్లు ఉలిక్కిపడతారు, వాళ్లకి ఒక వాక్యం చాలు: ఆ లైసెన్సు ప్రోగ్రాముకే, అందులో చేసిన మోడల్ మీద స్టూడియో హక్కు ఎక్కడికీ పోదు.

"ఉచితం కదా" అని మాత్రం ఎక్కడా రాయకండి. ఆయనకి ఖర్చు లైసెన్సులో లేదు, మీ ఎగుమతి బటన్ రాసిపెట్టాల్సిన టీడీ (టూల్స్ రాసే టెక్నికల్ డైరెక్టర్) టైములో ఉంది. మీలాగే బ్లెండర్ తెలిసిన ఇంకొకరి పేరు కూడా కాగితంలో ఉండాలి. సెలవు రాత్రి ప్రశ్నకి జవాబు అదే. కాగితం ఇచ్చే వేళ కూడా చూసుకోండి. డెలివరీ వారంలో ఇస్తే చెత్తబుట్టకే. ఒక షో ముగిసి, తర్వాతిదానికి టూల్స్ సర్దుకునే నాలుగు రోజులే మీ సమయం.

అయినా కాదనొచ్చు. అప్పుడు బ్లెండర్‌లో మీ చెయ్యి ఎక్కడ వేగంగా పోతుందో గమనించి, ఆ షార్ట్‌కట్లనే మాయా హాట్‌కీలుగా పెట్టుకోండి. నేను సాఫ్ట్‌ఇమేజ్ అనే పాత త్రీడీ సాఫ్ట్‌వేర్ మనిషిని. 2014లో దాన్ని ఆపేస్తున్నారన్న ప్రకటన చదివి రెండ్రోజులు ముభావంగా తిరిగి, మూడో రోజు చేసిన పని అదే. ఇప్పటికీ నా మాయా వేరేవాళ్ల చేతికిస్తే తిట్టుకుంటారు.

ఆ రెండు ప్రాప్స్ సంగతి చెప్పెయ్యండి. కాగితం ఇచ్చే రోజున కాదు, అంతకు ముందే, విడిగా. చెప్పేముందు రెండింటినీ మాయాలో తెరిచి స్కేలు, నార్మల్స్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పేవి) చూసుకోండి. ఏ షాట్లలో ఉన్నాయో రాసుకుని వెళ్లండి. ఇప్పటికే షాట్లలోకి ఎక్కి ఉంటే అసలు ఫైలు మీద మాత్రం చెయ్యి పెట్టకండి, నా పెట్టె గుర్తుంది కదా. "ఎవరూ కనిపెట్టలేదు, అదే రుజువు" అన్న మాట నాలిక చివరిదాకా వస్తుంది. మింగెయ్యండి. మీకది మీ పనితనానికి రుజువు, ఆయనకి తన తనిఖీలో ఉన్న కంత. కోప్పడతారు. పడనిచ్చి, ఆ కంత ఎక్కడుందో మీరే చూపించండి.