బాకీ మీకు రావాలి, తాళం మాత్రం వేయకండి

సందేహం: మాది హనుమకొండ. ఇంటి నుంచే వెబ్‌సైట్ల డిజైన్ పని చేస్తాను. వరంగల్ కొత్తవాడలో దర్రీలు అమ్మే ఒక వ్యాపారి తన పాత విక్స్ సైటును (విక్స్ అంటే ఆన్‌లైన్‌లోనే సైట్లు కట్టుకునే సర్వీసు) కొత్తగా చేసిపెట్టమన్నారు. 40 వేలకు మాటైంది. కాగితం రాసుకోలేదు, అంతా వాట్సాప్‌లోనే. 15 వేలు అడ్వాన్సు ఫోన్‌పేలో పంపారు. విక్స్‌లో ఒకసారి ఎంచుకున్న టెంప్లేటు, అంటే సైటు రెడీమేడ్ నమూనా, మారదు. అందుకని ఆయన ఖాతాలోనే మరో సైటు మొదటి నుంచీ కట్టి, ఆయన డబ్బు కట్టే ప్లాను, డొమైను (సైటు చిరునామా పేరు) దానికి తగిలించాను. మధ్యలో ఇంకో 4 పేజీలు అడిగి పెట్టించుకున్నారు. తీరా పనయ్యాక "రంగులు మార్చినవ్, గంతే గదా! ఇంకా 25 వేలెందుకు?" అంటున్నారు. పాత ఆర్డర్ల చిట్టా కొత్త సైటులో లేదని, గూగుల్‌లో పాత లింకులు తెరుచుకోవడం లేదని నష్టపరిహారం కూడా అడుగుతున్నారు. సైటును ఎడిట్ చేసే అనుమతి నాకింకా ఉంది. డొమైను గడువు అయిపోవస్తుంటే నా ఖాతాలోకి తెచ్చి నా డబ్బుతో రెన్యువల్ చేశాను, ఇప్పుడది నా పేరు మీదే ఉంది. పైసలిచ్చేదాకా సైటు బంద్ పెట్టమని దోస్తులు అంటున్నారు. పెట్టొచ్చా? డిజైన్ మీద హక్కు ఎవరిది? బాకీ ఎట్లా వసూలు చేసుకోవాలి?

జవాబు: ముందు దోస్తుల సలహా సంగతి. బంద్ పెట్టకండి. ఒక్క పేజీ కూడా తీసేయకండి.

దర్జీ కుట్టుకూలి ముట్టేదాకా బట్ట ఆపుకుంటాడు కదా, మేమెందుకు ఆపుకోకూడదని డిజైనర్లు నన్ను తరచూ అడుగుతుంటారు. దర్జీకి ఆ హక్కు ఇచ్చింది భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 170. అది చేతికి అప్పగించిన వస్తువుకు వర్తిస్తుంది. ఆ దర్జీ కూడా "మూడు నెలల తర్వాత ఇవ్వండి" అని అరువు ఒప్పుకుని ఉంటే కోటు ఆపుకోలేడని అదే సెక్షన్ కింద ఉదాహరణ ఉంది. మీ విషయంలో ఆయన మీకు వస్తువేదీ అప్పగించలేదు. సైటు ఆయన ఖాతాలో, విక్స్ కంపెనీ కంప్యూటర్లలో ఉంది. మీకిచ్చింది లోపలికొచ్చి పని చేసుకునే అనుమతి మాత్రమే. సున్నం వేయడానికి ఇంటి తాళంచెవి ఇచ్చారనుకోండి. కూలి ఎగ్గొట్టారని ఆ ఇంటికి మీరు తాళం వేయలేరు.

అనుమతి ఇంకా ఉందిగా అంటారేమో. ఆ అనుమతి సైటు కట్టడానికి ఇచ్చింది, మూయడానికి కాదు. యజమాని సమ్మతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారాన్ని చెరిపినా, మార్చినా, వాడుకోకుండా అడ్డుకున్నా సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 43 కింద పరిహారం కట్టాలి. దురుద్దేశంతో చేశారని తేలితే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ వాదన కోర్టులో చివరికి నెగ్గవచ్చు. ఈలోగా ఫిర్యాదు నమోదై మీ ల్యాప్‌టాప్ స్టేషన్‌కు పోతే? అందులో మిగతా కస్టమర్ల పని కూడా ఉంటుంది. ఈ రోజు బాకీ రావాల్సింది మీకు. సైటు ఆపిన మరుక్షణం ఆయన ఫిర్యాదుదారు, మీరు నిందితుడు.

ఇక అసలు తగాదా. కాగితం లేదని దిగులు పడకండి. నోటి మాటకూ, వాట్సాప్ మాటకూ ఒప్పందంగా విలువుంది. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనకూడదని సమాచార సాంకేతిక చట్టంలో సెక్షన్ 10ఎ చెబుతోంది. ఆయన పంపిన 15 వేలే ఒప్పందానికి పెద్ద సాక్ష్యం.

"రంగులు మార్చినవ్" అన్నదానికి జవాబు మాత్రం జడ్జికి అర్థమయ్యే మాటల్లో మీరే సిద్ధం చేసుకోవాలి. సైట్లు కట్టిపెట్టే ఈ కంపెనీల్లో రీడిజైన్ అన్న ఒకే మాటకు ఒక్కోచోట ఒక్కో అర్థం. షాపిఫైలో పాత థీమ్ నడుస్తుండగానే దాని కాపీ మీద పని చేసి పబ్లిష్ చేయవచ్చు, ఆర్డర్లు స్టోర్‌లోనే ఉంటాయి. విక్స్‌లో, స్క్వేర్‌స్పేస్ 7.1లో టెంప్లేటు మార్చే వీలు లేదు. పూర్తిగా వేరే రూపు కావాలంటే మళ్లీ కట్టుకోవడమే. బయటి నుంచి చూసే వ్యాపారికి థీమ్ మార్చడం, మళ్లీ కట్టడం రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందులో ఆయన తప్పేమీ లేదు. పాత సైటు ఆయన ఖాతాలో చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి పాతా కొత్తా రెండింటినీ పేజీ పేజీకీ పక్కపక్కన పెట్టి చూపించండి. పేజీల స్క్రీన్‌షాట్లు తేదీతో సహా ఇప్పుడే తీసుకోండి, రేపు ఆయన మీ అనుమతి తీసేయవచ్చు. అదనంగా చేసిన 4 పేజీలు మొదటి మాటలో లేకపోతే వాటికి న్యాయమైన ధర కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 కింద అడగవచ్చు. ఊరికే చేసిపెట్టాలన్న ఉద్దేశం మీకు లేదు, వాటి ఫలం ఆయన అనుభవిస్తున్నారు. అయితే "ఇదొక్కటి పెట్టు" అని ఆయన అడిగినప్పుడు మీరు "సరే అన్నా, అందులోనే చేసేస్తా" అని జవాబిచ్చి ఉంటే ఆ భాగం మరిచిపోండి.

నష్టపరిహారం దగ్గర మీ పక్షం కాస్త బలహీనం. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. పాత ఆర్డర్లు కొత్త సైటులోకి రావని, పేజీల చిరునామాలు మారితే గూగుల్ లింకులు తెగుతాయని మీరు ముందే చెప్పారా? చెప్పి ఉంటే ఆ సందేశం వెతికి పట్టుకోండి. చెప్పకపోతే, తెలిసినవాడిగా చెప్పాల్సింది మీరేనని ఆయన వకీలు అంటారు. అయినా ఆయన నోటికొచ్చినంత అడగలేరు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం ఉల్లంఘన వల్ల సహజంగా కలిగిన నష్టమే ఇప్పిస్తారు, దూరపు నష్టాలు లెక్కలోకి రావు. తగ్గించుకోగలిగే నష్టాన్ని ఆయన తగ్గించుకున్నారా అన్నదీ చూస్తారు. చిట్టా పాత సైటులో ఉంది, దించుకోవచ్చు. పాత లింకులను కొత్త పేజీలకు మళ్లించే ఏర్పాటు విక్స్‌లోనే ఉంది. ఈ రెండూ డబ్బు అడగకుండా చేసిపెడతానని రాతలో చెప్పండి, ఆయన సరేనన్న తర్వాతే సైటు ముట్టుకోండి. ఆ ఒక్క మెసేజ్ రేపు కోర్టులో మీకు బాగా పనికొస్తుంది.

డిజైన్ హక్కు ఎవరిదన్నారు. టెంప్లేటు మీదీ కాదు, ఆయనదీ కాదు, కంపెనీది. లోగో ఆయనిచ్చి ఉంటే దాని మీద మీకేమీ లేదు. మీరు గీసిన బొమ్మలు, బ్యానర్లు, రాసిన కోడు మీద మొదటి హక్కు మీదే, ఎందుకంటే మీరు ఆయన దగ్గర జీతానికి లేరు. కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 19 ప్రకారం సంతకమున్న రాత లేకుండా ఆ హక్కు చేతులు మారదు. దర్రీల ఫొటోలు మీరే తీశారా? అక్కడ చిక్కుంది. డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారికే మొదటి హక్కని సెక్షన్ 17 అంటోంది. ఇంత చెప్పినా ఈ తగాదాలో కాపీరైట్ వాదన ముందుకు తేవద్దంటాను. అడ్వాన్సు తీసుకుని సైటు అప్పగించినవారు వాడుకోవడానికి అనుమతి ఇచ్చినట్టే కోర్టు చూసే అవకాశం ఎక్కువ. వచ్చేసారి మాత్రం "మొత్తం సొమ్ము ముట్టాకే హక్కులు బదిలీ" అని ఒక వాక్యం రాయించుకోండి.

వసూలుకు మొదట వకీలు నోటీసు, స్పీడ్ పోస్టులో. కదలకపోతే హనుమకొండ కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కోర్టుకెక్కక ముందే లోక్ అదాలత్‌లో రాజీకి దరఖాస్తు పెట్టవచ్చు, ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే వచ్చే అవార్డు, అంటే అక్కడి రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 25 వేల తగాదాకు నేను మొదట చూపే దారి ఇదే. ఆయన రాకపోతే సివిల్ దావా. పని పూర్తయిన నాటి నుంచి 3 ఏళ్లలోపు వేయాలి. వాట్సాప్ సంభాషణను సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. కాబట్టి ఆ ఫోన్ అమ్మకండి, చాట్ చెరపకండి.

పని ఒప్పుకునే నాటికే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉందా? ఉంటే దారి మారుతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద ఆలస్యమైన సొమ్ముకు రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ, నెల నెలా లెక్కగట్టి, అడగవచ్చు. ఇలాంటి బాకీల తగాదాలు ఆ చట్టం కింద తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన తీర్పును ఆయన సవాలు చేయాలంటే ముందు 75 శాతం జమ కట్టాలి. తగాదా వచ్చాక చేయించుకున్న రిజిస్ట్రేషన్ వెనకటి పనికి పనికిరాదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, వచ్చే పనికైనా ఉంటుంది, చేయించుకోండి.

ఇక డొమైను. ఇది మీ చేతిలో ఆయుధంలా కనిపిస్తోంది కానీ మీకే గుచ్చుకునేది. అది ఆయన దుకాణం పేరు. డొమైను పేరుకు ట్రేడ్‌మార్కులాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులోనే చెప్పింది. రెన్యువల్‌కు కట్టిన డబ్బు రసీదుతో సహా బాకీలో కలిపి అడగండి, డొమైనును ఆయన ఖాతాకు మార్చడానికి సిద్ధమని నోటీసులోనే రాయించండి. ఆ బదిలీ అయ్యేలోగా గడువు మళ్లీ దగ్గరపడితే మీ డబ్బుతోనైనా ఇంకోసారి రెన్యువల్ చేయండి. మీ చేతిలో ఉండగా అది పోతే, ఆయన అడిగే నష్టానికి ఇప్పటిదాకా లేని ఆధారం దొరుకుతుంది.