జీఎస్టీ లెక్కలు: మధ్యాహ్నం రెండయ్యేసరికి అంకెలు తప్పుతున్నాయి, పని వేళలు ఎలా మార్చుకోవాలి?

కర్నూలులో ఇంటి నుంచే పది నుంచి ఆరు దాకా పద్దులు రాస్తున్నానని, సంగటి తిన్నాక బుర్ర మొద్దుబారుతోందని అడిగారు.

తప్పంతా సంగటి మీద వేయకండి. తిండి మానేసినా ఒంటిగంట, మూడు మధ్య ఒంట్లో చురుకు దానంతటదే తగ్గుతుంది. పెద్ద ముద్ద తింటే ఇంకాస్త ఎక్కువ తగ్గుతుంది, అంతే. ఊరిబిండితో సగం ముద్ద తిని, మిగతాది సాయంత్రానికి ఉంచుకోండి.

ముందు మీ చురుకైన వేళ పట్టుకోండి. పది రోజులు, రెండు గంటలకోసారి నోటుపుస్తకంలో 1 నుంచి 5 లోపు మార్కు వేసుకోండి. పక్కనే నిద్ర లేచిన టైము, కాఫీ టైము. కాఫీ తాగిన గంటలోపు పడిన 5ను నమ్మొద్దు, అది కాఫీది. దీనికన్నా గట్టి సాక్ష్యం మీ తప్పులే: 1,863ను 1,683 అని కొడితే తేడా 180. తేడా 9తో సరిగ్గా భాగించబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి, ఆ ఎంట్రీ ఏ గంటలో కొట్టారో రాసుకోండి. రాత్రి ఐదు గంటలే నిద్రపోతుంటే ఈ పట్టీ ఎందుకూ పనికిరాదు, ముందు ఏడు గంటలు పడుకోండి.

చాలామందికి లేచిన రెండు మూడు గంటలకు మంచి వేళ మొదలవుతుంది. కొందరికి సాయంత్రమే. వాళ్లు ఐదుకు అలారం పెట్టుకుని ఒంటిని హింసించొద్దు. మీ మంచి వేళ ఏదైనా, అప్పుడు వాట్సాప్ తెరిస్తే పోయినట్టే. కొనుగోలు బిల్లులను 2బీతో (అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ నెలనెలా ఇచ్చే పట్టీ) సరిచూడటం అప్పుడే పెట్టుకోండి. గంటన్నర కూర్చుని, పది నిమిషాలు మిద్దె మీద తిరిగి రండి. మధ్యాహ్నం రెండు గంటలకు బిల్లుల స్కానింగు, పార్టీలకు ఫోన్లు.

కునుకు 20 నిమిషాలే, అలారంతో. 40 దాటితే గాఢనిద్రలోంచి లేస్తారు, మరో అరగంట తల దిమ్ముగా ఉంటుంది. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి రెండు దాటాక వద్దు.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాను గదిలో పదకొండుకే నీరసం వస్తుంది, కాబట్టి కష్టమైన పని పొద్దున ఆరు నుంచి తొమ్మిదికి జరపండి.

ప్రతి నెలా 14న 2బీ వస్తుంది, నెలనెలా వేసేవాళ్లకు 3బీ (పన్ను లెక్క చూపే రిటర్ను) గడువు 20. ఆ ఆరు రోజులూ రాత్రి పన్నెండు దాకా లాగకుండా, బిల్లులు కలవని చిక్కు పార్టీని రోజుకొకరిని మీ మంచి వేళ మొదటి గంటలోనే తేల్చేయండి.