లాకులు, పొగాకు బ్యారన్ల గురించి సభ పెడితే ఎవరు వస్తారు?

ప్రశ్న: గుంటూరు, విజయవాడల పాత పరిశ్రమల గురించి మా పేట గ్రంథాలయంలో నెలకొక ప్రసంగం ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. అమరావతి స్తూపం, ఉండవల్లి గుహల గురించైతే జనం వస్తారు గాని, కాలువలు, పొగాకు గురించి ఎవరు వింటారని కమిటీ పెద్దలు అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి? ఎవరిని పిలవాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాలువతో మొదలుపెట్టండి. 1852లో పని మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట పొలాలకు నీరివ్వడంతో పాటు సరుకులకు జలమార్గం కూడా ఏర్పరచింది. కొమ్మమూరు కాలువ వెంట పెదగంజాం చేరిన పడవ అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా వెళ్లగలిగేది. ఈ మొదటి సభను హాల్లో కాక, జలవనరుల శాఖ అనుమతి తీసుకుని దుగ్గిరాల లాకుల (పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే, రెండు వైపులా తలుపులున్న కాలువ కట్టడాల) దగ్గరే జరపండి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, ఎగువ నుంచి నీటిని మెల్లగా వదిలితే, ఏ యంత్రమూ లేకుండా నీటితో పాటే పడవ పై మట్టానికి తేలుతుందని అక్కడ నిలబడి చెబితే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

రెండో సభ పొగాకు మీద పెట్టండి. 1912లో ఏర్పడిన ఐ.ఎల్.టి.డి. (ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్) కంపెనీ మొదలుకొని 1976లో వచ్చిన పొగాకు బోర్డు దాకా చరిత్రను ఒక అధ్యాపకులు చక్కగా చెప్పగలరు. అయితే కర్రలకు కట్టిన పచ్చి ఆకును బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే గదిలో, వరుసలుగా వేలాడదీసి, ఇనుప గొట్టాల వేడితో ముందు పసుపు రంగుకు తెచ్చి, ఆ తర్వాతే సెగ పెంచి ఈనె దాకా ఆరబెట్టడంలో ఉన్న ఒడుపును, తొందరపడి సెగ పెంచితే ఆకు పచ్చగానే ఉండిపోయి ధర పడిపోవడాన్ని, బ్యారన్ కాసిన రైతే చెప్పాలి. రంగు చూసి ఆకును వేరు చేసిన గ్రేడింగ్ కూలీ తల్లులను కూడా పిలవండి. వారి కూలి ఎంత, పని ఎన్ని గంటలు, పొగాకు ఘాటుకు ఆరోగ్యం ఎలా ఉండేది అని అడగండి. వేదిక మీద శాలువాల కార్యక్రమం మాత్రం పెట్టుకోకండి. అది మొదలైతే అసలు మాట్లాడవలసినవారికి మిగిలేది అయిదు నిమిషాలే.

విజయవాడ ఆటోనగర్ లారీ బాడీల పని ఇంకా సాగుతున్నదే కనుక మూడో సభకు ఒక షెడ్డుకే వెళ్లవచ్చు.

మాట్లాడేవారు ఒప్పుకుంటే ప్రతి ప్రసంగాన్నీ రికార్డు చేసి గ్రంథాలయంలో ఉంచండి. ఎవరైనా పాత కూలి చీటీలు, ఫొటోలు తెస్తే అక్కడే నకలు తీసుకుని, అసలు ప్రతులను అప్పటికప్పుడే వారి చేతికి తిరిగి ఇచ్చేయండి.