నానమ్మ మెదడు, మనవరాలి ఇంజినీరింగ్

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. క్లాసులో అందరూ ప్లేస్‌మెంట్లకు తయారవుతుంటే, తను మాత్రం పెద్ద వయసువాళ్ల మెదడు సంకేతాల మీద పరిశోధన చేస్తానంటోంది. ‘మెదడు పని క్షణక్షణానికి ఎంత మారుతుంటే అంత మంచిదటమ్మా’ అంటుంది. మా అత్తగారికి 74 ఏళ్లు. ఒకరోజు పాల లెక్క నోటితో టకటకా చెప్పేస్తారు, మర్నాడు స్టవ్ కట్టేశానా అని మూడుసార్లు అడుగుతారు. ఈ హెచ్చుతగ్గులు మంచివెలా అవుతాయి? అసలు ఈ చదువు రేపు కూడు పెడుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ మొదటి సందేహం తీర్చుకుందాం. అది తీరకుండా అమ్మాయి ఏ పనిలోకి వెళ్తానంటోందో మీకు అర్థం కాదు.

మీ అత్తగారిలో మీరు చూస్తున్నది పనిలో హెచ్చుతగ్గులు. మీ అమ్మాయి చెబుతున్నది మెదడు లోపలి సంకేతంలో హెచ్చుతగ్గులు. ఈ రెండూ చాలాసార్లు ఎదురెదురుగా నడుస్తాయి. సంక్రాంతికి మేడ మీద పతంగి ఎగరేసేవాళ్లను చూడండి. పతంగి ఆకాశంలో నిలకడగా ఉందంటే, కింద చెయ్యి ఒక్క క్షణం ఊరుకోవడం లేదన్నమాట. గాలిని బట్టి ఢీల్ ఇస్తుంది, లాగుతుంది, మళ్లీ వదులుతుంది. చెయ్యి బిగుసుకుపోతే పతంగి ఊగిపోతుంది.

మెదడు స్కానింగ్‌లో ఒకప్పుడు సగటు లెక్క మాత్రమే తీసుకునేవారు. చుట్టూ ఉన్న ఎగుడుదిగుడులను రొద అని పక్కన పెట్టేవారు. డగ్లస్ గారెట్ అనే మెదడు పరిశోధకుడు, ఆయన సహచరులు 2010, 2011లలో ప్రకటించిన పరిశోధనల్లో ఎఫ్ఎంఆర్ఐతో, అంటే మెదడు పనిచేస్తుండగా తీసే స్కానింగ్‌తో, ఆ రొదనే కొలిచారు. వయసులో చిన్నవాళ్లలో, అలాగే వేగంగా, నిలకడగా జవాబులిచ్చినవాళ్లలో ఆ ఎగుడుదిగుళ్లు ఎక్కువగా కనిపించాయి. పరిస్థితి మారినప్పుడల్లా ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి చప్పున మారగల మెదడుకు ఆ కదలిక అవసరమని ఈ రంగంలో చాలామంది అనుకుంటారు.

అయితే మీ అమ్మాయి మాటలో ‘ఎంత మారితే అంత మంచిది’ అన్న ముక్కను సరిదిద్దాలి. మెదడులో ఏ భాగం, ఏ పని చేస్తుండగా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. మూర్ఛ వచ్చినప్పుడూ సంకేతం ఎగిసిపడుతుంది, అది ఆరోగ్యం కాదు కదా. పైగా ఎఫ్ఎంఆర్ఐ నేరుగా నరకణాలను చూడదు, రక్తంలో ఆక్సిజన్ మార్పును చూస్తుంది. వయసుతోపాటు రక్తనాళాలూ గట్టిపడతాయి. కనిపించిన మార్పు మెదడుదా, నాళాలదా, మనిషి తల కదిలించడం వల్ల వచ్చిందా అన్నది విడదీయడమే ఇక్కడ అసలు కష్టం. నిజం చెప్పాలంటే, ఆ కష్టం ఇష్టమైనవాళ్లకే ఈ రంగం.

ఇలాంటి పరిశోధనలు వందలమందిని పోల్చి చెప్పేవి. వాటిని పట్టుకుని మీ అత్తగారి గురించి ఏదీ తేల్చకండి. మతిమరుపు బీ12 లోపం వల్లా రావచ్చు, థైరాయిడ్ వల్లా రావచ్చు. ఒకసారి డాక్టరుకు చూపించండి.

ఇక చదువు సంగతి. ఈసీఈ వదిలేసి అమ్మాయి ఎక్కడికో పోతోందని మీరు బాధపడుతున్నట్టున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఫిల్టర్లు, శాంప్లింగ్, ఫోరియర్, ఎంట్రోపీ, తను సెమిస్టర్ పరీక్షకు చదివినవే ఇక్కడ రోజూ చేతిలో ఉండే పనిముట్లు. ఈఈజీనే తీసుకోండి. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి పట్టే సంకేతం మైక్రోవోల్టుల్లో ఉంటుంది. మనిషి కన్నార్పితే చాలు, మెదడు గీత కనబడకుండా పెద్ద అల లేస్తుంది. పరీక్షకు వచ్చేటప్పుడు తలకు నూనె రాయొద్దంటారు. జిడ్డు ఉంటే ఎలక్ట్రోడు చర్మానికి సరిగా అంటదు. పెద్దవాళ్లయితే అరగంటకే అలసిపోతారు, ఒకరికి శుక్లాలు, ఇంకొకరికి వినికిడి తక్కువ. వాళ్లు బటన్ ఆలస్యంగా నొక్కితే అది మెదడు మందగించడమా, తెర మీద అక్షరం కనబడకపోవడమా? ఇది పట్టించుకునే ఇంజినీరు కావాలి. ఇంట్లో నానమ్మతో మసలిన పిల్లకు ఈ చూపు త్వరగా వస్తుంది.

మన ఊరికీ ఈ విషయానికీ గట్టి సంబంధమే ఉంది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి నడిచే ఊరు కాబట్టే అలాంటి పరిశోధన ఇక్కడ కుదిరింది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. బీటెక్ తరవాత పీజీఈఈ అనే వాళ్ల ప్రవేశ పరీక్ష రాసి పరిశోధనతో కూడిన ఎంఎస్ చేయొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. ఊరు దాటి వెళ్లగలిగితే బెంగళూరులో మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్, ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి.

డబ్బు మాట దాచను. పీహెచ్‌డీ అంటే అయిదేళ్లు పట్టేదే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరవాత 42,000, ఇంటద్దె భత్యం వేరే. పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే ఆ ఏళ్లన్నీ వెనకబడ్డట్టే ఉంటుంది. ఇంటి అప్పు తన జీతం మీదే ఆధారపడి ఉంటే ఆ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి, చివర్లో కాదు. మధ్యలో మనసు మారినా వైద్య పరికరాల కంపెనీలు, స్కానింగ్ సాఫ్ట్‌వేర్, డేటా సైన్స్ ఈ నైపుణ్యాన్ని తీసుకుంటాయి.

అందుకని ప్లేస్‌మెంట్లకు కూర్చోమనండి. దానితోపాటు వచ్చే సెలవుల్లో రెండు నెలలు దీనికి ఇవ్వమనండి. ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్లో పేర్లు తీసేసిన మెదడు డేటా ఉచితంగా దొరుకుతుంది. పెద్దవాళ్ల ఈఈజీ ఒకటి దింపుకుని, ఎంఎన్ఈ పైథాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో కన్నార్పులు తీసేసి, మిగిలిన సంకేతంలో హెచ్చుతగ్గులు తనే కొలవాలి. ఇంతకుముందు నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు మెదడంటే ప్రాణమన్నాడు, మూడు వారాలు డేటా శుభ్రం చేసేసరికి విసుగొచ్చి మానేశాడు. తప్పేం లేదు, అయిదేళ్లకు బదులు మూడు వారాల్లో తెలిసింది. మీ అమ్మాయి రాత్రి పదకొండింటికి కూడా ఆ గీతల ముందు నుంచి లేవకపోతే నాకు మళ్లీ రాయండి, ఏ ప్రొఫెసరుకు ఎలా ఉత్తరం రాయాలో అప్పుడు కూర్చుని చూద్దాం.

అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు అమ్మాయిని వెంట పంపండి. జ్ఞాపకశక్తి పరీక్ష జరుగుతుంటే, డాక్టరుగారు, నానమ్మ ఇద్దరూ ఒప్పుకుంటే, పక్కన కూర్చుని చూడమనండి.