చెయ్యెత్తిన రాత్రి తర్వాత

ప్రశ్న: అమ్మా, మా పిల్లోడు పదో తరగతి పరీక్షలు రాసి, మే నెలలో చర్చి వాళ్ళ వేసవి క్యాంపుకు హార్స్‌లీ హిల్స్‌కు పోయొచ్చాడు. ఆఖరి రాత్రి "నా బతుకు దేవుడికే" అని చెయ్యెత్తాడట. వచ్చాక నెల రోజులు తెల్లారి అయిదుకే లేచి బైబిలు చదివాడు, చెల్లెలితో కొట్లాట కూడా మానేశాడు. ఇంటర్‌లో చేరాక మళ్ళీ ఫోను, ఫ్రెండ్స్. ఆదివారం గుడికి రమ్మంటే ముఖం చిట్లిస్తాడు. "మూడు వేలు కట్టింది నెల రోజుల ముచ్చటకా?" అని వాళ్ళ నాన్న ఎత్తిపొడుస్తున్నాడు. ఇట్లాంటి క్యాంపుల ప్రభావం నిజంగా నిలుస్తుందా?
– ఒక తల్లి, జమ్మలమడుగు

జవాబు: చెల్లెమ్మా, నేనూ అదే కొండ మీద చెయ్యెత్తినదాన్నే. 1978 మే నెల, తొమ్మిదో తరగతి అయిపోయింది. కడప నుంచి రాయచోటి మీదుగా మదనపల్లె బస్సు, దారంతా నాకు వాంతులు. కడప కలెక్టరు హార్స్‌లీ దొర మన ఎండకు తాళలేక ఇల్లు కట్టుకున్న కొండ అది. మే నెలలో దుప్పటి కావాల్సి వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ఆఖరి రాత్రి నెగడు చుట్టూ కూర్చోబెట్టి, పాట నెమ్మదిగా పాడించి, "సేవకు ఎవరు వస్తారు?" అని అడిగారు. పక్క పిల్ల ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది, చెయ్యెత్తాను. నర్సునై మీ ఊరి క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనే చేరతానని మొక్కుకున్నాను. నాకేమో రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ మాట తిరుగు బస్సులో రాయచోటి దాకా కూడా నిలవలేదు. లెక్కల టీచరుగా 33 ఏళ్ళు చేసి రిటైరయ్యాను.

నాకు మిగిలింది ఆ రాత్రి కాదు, ఒక సంగటి అండా. క్యాంపులో రోజుకొక గుంపుకు వంటపాత్రలు తోమే డ్యూటీ ఉండేది. మా వంతు రోజునే అండా అడుగంటింది. మా గుంపు లీడరు డిగ్రీ చదివే అనంతపురం అక్క. అంత చదువుకునే మనిషి మోచేతి దాకా బూడిద పూసుకుని, అండాలో తల దూర్చి, కొబ్బరి పీచుతో మాడు గీకుతూ లోపల్నుంచే అడిగింది: "నీకు దేనికి భయం?" నలుగురి ముందు మాట్లాడాలంటే అన్నాను. మర్నాడు పొద్దున ప్రార్థనలో 121వ కీర్తన నా చేతే చదివించింది. గొంతు వణికి మధ్యలో ఒక వరస వదిలేశాను. ఎవరూ నవ్వలేదు. తర్వాత మూడేళ్ళు నెలకొక ఇన్‌లాండ్ లెటరు రాసింది. బోధ ఏమీ ఉండేది కాదు. లెక్కల్లో ఎన్నొచ్చాయి, అమ్మకు నడుము నొప్పి తగ్గిందా, అంతే. ఆ కట్ట ఇప్పటికీ బీరువాలో ఉంది.

తర్వాత మా చర్చిలో నేనే ఇరవై ఏళ్ళు వీబీఎస్, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి, నడిపాను. యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యం, చివర్లో గుప్పెడు బొరుగులు, గ్లాసు రస్నా. మీ ఆయనకు ఇదంతా కొత్త వేలంవెర్రి అనిపిస్తుందేమో, పాతదే. 1898లో న్యూయార్క్‌లో ఒక డాక్టరుగారి భార్య ఎలైజా హాస్, సెలవుల్లో వీధుల వెంట తిరిగే పేదపిల్లల కోసం బీరు హాలు అద్దెకు తీసుకుని ఇలాంటి బడే పెట్టింది. (మా కమిటీ అయితే బీరు హాలంటే ఒప్పుకునేది కాదు.)

మొన్న కడపలో ఏడు రోడ్ల దగ్గర ఆటో ఎక్కితే డ్రైవరు వెనక్కి తిరిగి, "టీచర్, మీరు నాకు గంట కొట్టే పనిచ్చారు" అన్నాడు. నాకు గుర్తు లేదు. వాక్యం ఒక్కటీ అప్పజెప్పలేని పిల్లాడికి, అల్లరి ఆపడానికి గంట ఇచ్చి ఉంటాను. "పది రోజులూ అందరికంటే ముందే వచ్చేవాణ్ణి. నేను కొడితేనే గదా మొదలయ్యేది!" అన్నాడు. గుడికి వస్తున్నావా అంటే "పండగలకు" అని నవ్వాడు. చార్జీ మాత్రం లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు.

ఆఖరి రాత్రి చేతులు ఎత్తించడం నాకు నచ్చదు. నిద్ర చాలని పిల్లలు, చీకటి, మంట, పాట. అప్పుడు ఏమడిగినా చేతులు లేస్తాయి. మా వీబీఎస్‌లో అది మాన్పించి కమిటీలో మాటలు పడ్డాను కూడా. అట్లాగని మీ వాడిది నాటకమని కాదు. పదహారేళ్ళకు అంతకంటే పెద్ద మాట వాడి దగ్గర లేదు, ఉన్నది ఇచ్చాడు. "ఏమైందిరా నీ తీర్మానం?" అని మాత్రం దెప్పకండి. సిగ్గేసిందంటే ఇక గుడి గడప తొక్కడు.

క్యాంపులో వాడి గుంపు లీడరు అన్న ఎవరో కనుక్కోండి. ఒక్కసారి ఇంటికి భోజనానికి పిలవండి, ఉగ్గాని, బజ్జీ అయినా చాలు. వాళ్ళిద్దర్నీ వదిలేసి మీరు వంటింట్లో ఉండండి. పాస్టరుగారికి చెప్పి సండే స్కూల్లో చిన్నపిల్లల హాజరు వేసే పనో, మైకు పెట్టే పనో వాడికి ఇప్పించండి. ముందు వరసలో కూర్చోమంటే రాడు, పనుందంటే వస్తాడు. రేపు వాడే సేవకు పోతానన్నా, ఇంటర్ మాత్రం పూర్తి చేయనివ్వండి.

ఇంకొకటి. వాడు చెల్లెలితో కొట్లాట మానేశాడని రాశారు, మళ్ళీ మొదలుపెట్టాడని ఎక్కడా రాయలేదు. మొదలుపెట్టి ఉండకపోతే, ఆ సంగతి ఈ రాత్రే వాళ్ళ నాన్న చెవిన వేయండి.